మూడువందల పదకొండో పొట్లం

సబిన్‌స్పెక్టరు బూటు కింద పొట్లం ఒకటి కరకరమని నలిగింది. వంగి నంబరు చూశాను. నూట తొంభై. వాడపల్లి గట్టు మీది మామిడి బెరడు.

"అయ్యా, కాస్త కింద చూసుకుని నడవండి," అన్నాడు అన్నయ్య. అతని చేతులకి బేడీలు వేసి పది నిమిషాలయింది. అయినా అతని కళ్ళు ఆ పొట్లం మీదే ఉన్నాయి.

"ఏవిట్రా ఇవన్నీ? మందుగుండా?"

"కాదండి. లైకెన్లండి."

"అంటే?"

"చెట్టు పాచండి బాబూ!" వాకిట్లో మూగిన జనంలోంచి ఓ గొంతు లేచింది. "ఆ మాస్టార్ని మేం పాచి మాస్టారనే అంటావండి. ఆయ్!"

జనంతో పాటు పోలీసులూ నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. నేల మీద చెల్లాచెదురైన పొట్లాలని ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకుంటున్నారు.

అది 1942 ఆగస్టు పదహారు, ఆదివారం పొద్దున్న. అమలాపురంలో మా ఇల్లు. నాన్నగారు శ్రీరామచంద్రమూర్తి, హైస్కూల్లో సైన్సు మాస్టారు. కొబ్బరి మొదళ్ళకీ మామిడి కొమ్మలకీ బూడిద రంగులోనో పసుప్పచ్చగానో అంటుకుని ఉండే ఆ పాచిలాంటిదాన్ని బెరడుతో సహా ఉలితో చెక్కి తెచ్చి, నీడన ఆరబెట్టి, పాత పరీక్ష కాగితాల్లో పొట్లం కట్టి, నంబరు వేసి, కలకత్తాలో ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే ఒక హెర్బేరియానికి పంపాలని ఆయన పట్టుదల. చెట్లెక్కి, రేవులు దాటి తెచ్చేది మా అన్నయ్య శరభయ్య. అతనికి ఇరవై ఒకటి. రిజిస్టరు రాసేది నేను, లక్ష్మీకాంతాన్ని. నాకు పదిహేడు. అమ్మ పోయి ఆరేళ్ళు. ఇల్లు నడిపేది నాన్నగారి తల్లి, మా బామ్మ.

"ఎప్పుడండీ తీగలు తెగింది?" అని అడిగారు నాన్నగారు, చివరి పొట్లం ఏరుకుని లేచి.

"పన్నెండో తారీకు, బుధవారం. మధ్యాన్నం. కొత్తపేట దారిలో టెలిగ్రాఫు తీగలు తెంపేరు. సైకిలు మీద, భుజాన సంచీతో ఓ కుర్రాణ్ణి చూసేరు. మీవాడి సంచీలో చూడండి! ఉలి, సుత్తి, పట్టకారు."

"బుధవారం నేను మామిడికుదురులో ఉన్నానండి," అన్నాడు అన్నయ్య. "పొద్దున్నే వైనతేయం రేవు దాటి వెళ్ళి సాయంత్రం వచ్చేను. అక్కడి కొబ్బరితోటలో చెక్కిందే మూడువందల పదకొండో పొట్లం. రిజిస్టరు చూడండి, తేదీతో సహా ఉంటుంది."

నాన్నగారి మొహం ఒక్కసారి వెలిగింది. బల్ల మీది పుస్తకం తీసి, తెరిచి కూడా చూడకుండా, రెండు చేతులతో సబిన్‌స్పెక్టరుకి అందించారు.

"తీసుకెళ్ళండి. మా రిజిస్టరు ఒక్కరోజు కూడా తేడా రాదండి. కోర్టులో అదే మాట్లాడుతుంది."

నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆ పుస్తకంలో మూడువందల పదకొండుకి ఎదురుగా పన్నెండో తారీకు లేదు. పద్నాలుగు ఉంది.

ఆ సంగతి ఆ వాకిట్లో నా ఒక్కదానికే తెలుసు.

*

మా తాతగారు ఘనాపాఠి. వేదం చెప్పే ఇళ్ళలో అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య, వాటి మర్నాటి పాడ్యమి అనధ్యయనాలు. ఆ రోజుల్లో చదువు ముట్టరు. తాతగారు పోయినా బామ్మ ఆ నియమం వదల్లేదు. కొడుకు బడికెళ్ళి ఏం చేసుకున్నా ఊరుకునేది. ఇంట్లో కళ్ళెదురుగా ఉన్న నా మీద మాత్రం పట్టు బిగించేది. "ఇవాళ పాడ్యమే! కలం ముట్టేవంటే నా మీద ఒట్టే," అనేది.

నాన్నగారి నియమం వేరు. రిజిస్టరులో రెండు గళ్ళు గీశారు. ఒకటి సేకరించిన తేదీ, రెండోది నమోదు చేసిన తేదీ. రెండూ ఒకటే అయి తీరాలి. "ఆ రోజుది ఆ రోజు రాస్తేనే రికార్డమ్మా. మర్నాడు రాస్తే అది జ్ఞాపకం," అనేవారు. మొదటి నెలలో ఒకసారి రెండు గళ్ళలో తేదీలు వేరుగా కనబడ్డాయి. ఆయన కోప్పడలేదు. పుస్తకం నా దగ్గర్నుంచి తీసుకుని నెలరోజులు అన్నయ్యకిచ్చారు. మూడో ఫారంతో నా బడి ఆగిపోయింది. ఆ పుస్తకం తప్ప నాకు కలం పట్టే పని ఇంకొకటి లేదు. ఆ నెలంతా నేను పప్పులో రాళ్ళేరుతూ కూర్చున్నాను.

పుస్తకం మళ్ళీ నా చేతికొచ్చాక ఒక ఉపాయం కనిపెట్టాను. అనధ్యయనం నాడు వచ్చిన పొట్లాన్ని ఆ రోజులు దాటాక రాసేదాన్ని. రాసిన రోజునే రెండు గళ్ళలోనూ వేసేదాన్ని. బామ్మ మాటా దక్కింది, నాన్నగారి మాటా దక్కింది. అన్నయ్య పెన్సిలుతో రాసిచ్చే చీటీ మీద అసలు తేదీ ఉండేది. కానీ యుద్ధం రోజులు, కాగితానికి కరువు. వివరాలు పుస్తకంలోకి ఎక్కగానే చీటీని రబ్బరుతో తుడిచి మళ్ళీ వాడుకునేవాళ్ళం. పొట్లం మీద ఒట్టి నంబరు మాత్రమే ఉండేది.

చీటీలు తుడిచేది కూడా నేనే.

ఆ బుధవారం చుక్కల అమావాస్య. గురువారం పాడ్యమి. శుక్రవారం రాశాను. నాన్నగారు ఆ వారమంతా రాజమండ్రిలో ఉండి శనివారం ఇల్లు చేరారు. కొడుకు ఏ రోజు ఎక్కడికి వెళ్ళాడో ఆయనకి పుస్తకం చెప్పాలి తప్ప మరో దారి లేదు.

పోలీసులు వెళ్ళిన అరగంటకి బామ్మతో చెప్పేశాను. ఆవిడ మడిబట్టతోనే నేల మీద కూలబడింది.

"తారీకు మార్చేవా? నిన్ను ముట్టొద్దన్నాను గానీ మార్చమన్నానటే?"

"నాన్నగారితో చెప్పేస్తాను బామ్మా."

"ఇప్పుడా? ఒక్కరోజే కొడుకునీ పుస్తకాన్నీ రెంటినీ లాక్కుంటావా వాడి దగ్గర్నుంచి? ఉండు. ప్లీడరు గారు రానీ. ఆయన ఏదో దారి చూస్తారు."

*

ప్లీడరు సూర్యారావు గారు మూడోనాడు వచ్చారు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని తలుపు వెనకాల నిలబడ్డాను. ఈ గ్లాసు ఇచ్చి చెప్పేస్తాను అనుకున్నాను.

"ఇంకెవరైనా చూసినవాళ్ళున్నారా మాస్టారూ?"

"తోట కాపలా బంగారయ్య చూసేట్టండి. నిన్న మామిడికుదురు వెళ్ళి అడిగేను. వాకిట్లోకే రాలేదు. పిల్లలు గలవాణ్ణండి, పోలీసోళ్ళతో నాకొద్దండి, అని తలుపేసుకున్నాడు."

"అయితే మనకి పుస్తకం ఒక్కటే ఆధారం. అది వాళ్ళ దగ్గరుంది. అందులో ఏముందో మీరు చూశారా?"

"చూడక్కర్లేదండి. మా కాంతం రాసింది."

"చూడకుండా నమ్ముకోకూడదండీ. ఒక్క తేదీ తప్పని తేలిందనుకోండి, మిగతా పుస్తకం చెల్లదు. కోర్టులోనే కాదు, మీ కలకత్తావాళ్ళ దగ్గరా అంతే. ఏమంటారు?"

"అందుకేనండి తప్పులుండవు," అన్నారు నాన్నగారు. నవ్వు మొహంతోనే అన్నారు.

మజ్జిగ ఇచ్చి వచ్చేశాను. గుమ్మం దాటుతుంటే నాన్నగారు నా మొహం చూసి, "భయపడకమ్మా, అన్నయ్య వచ్చేస్తాడు," అన్నారు.

పద్నాలుగు నెలల్లో అలా ఎన్ని తేదీలు మార్చానో వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. అరవై దాటాయి. రేపు చెబుతాను అనుకున్నాను. రేపు వచ్చింది. ఎల్లుండి అనుకున్నాను. వర్షాలు పట్టుకున్నాయి. పొట్లాలకి తేమ తగలకుండా కుంపటి దగ్గర పెట్టి తిప్పుతూ కూర్చున్నాను. నాన్నగారు పక్కన కూర్చుని భూతద్దంలో చూస్తూ, రకం గుర్తుపట్టడానికి ఒక్కో దాని మీద కాస్టిక్ సోడా చుక్క వేసి, రంగు మారితే సంతోషపడుతూ, "శరభం వచ్చేసరికి నాలుగు వందలు చేసేద్దాం," అనేవారు.

అలా సెప్టెంబరు వచ్చేసింది.

*

కోర్టు హాల్లో వెనక బెంచీ మీద బామ్మా నేనూ కూర్చున్నాం. అన్నయ్య బోనులో ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి కనుబొమ్మలెగరేశాడు, ఇంట్లో నేను అన్నం మాడ్చినప్పుడు ఎగరేసినట్టే.

ముందు అతన్నే అడిగారు. బుధవారం మామిడికుదురులో ఉన్నానన్నాడు, శుక్రవారం ఇల్లు కదల్లేదన్నాడు. తరవాత నాన్నగారు సాక్షి బోనెక్కారు. ప్రాసిక్యూటరు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"మూడువందల పదకొండు ఎదురుగా ఉన్న తేదీ చదవండి మాస్టారూ. గట్టిగా."

నాన్నగారు కళ్ళజోడు సవరించుకున్నారు. చదవలేదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"పద్నాలుగు," అన్నారు.

"పన్నెండు కాదూ?"

"కాదండి."

హాల్లో గుసగుసలు లేచాయి. అన్నయ్య తల తిప్పి నావైపు చూశాడు. ఒక్క క్షణం అయోమయం. మరుక్షణం అర్థమైపోయింది. బామ్మ నియమం తెలిసినవాడు, నాన్నగారి గళ్ళు తెలిసినవాడు. చీటీ మీద పన్నెండని తన చేత్తో రాసినవాడు.

సూర్యారావు గారు లేచారు. మునిగిపోతున్నవాడికి తాడు విసిరినట్టు ఆయన అడిగిన ప్రశ్న నాకిప్పటికీ వినబడుతుంది.

"ఈ చేతిరాత ఎవరిదండీ?"

"మా అమ్మాయిదండి."

"చిన్నపిల్ల. పన్నెండుకి బదులు పొరపాటున పద్నాలుగని వేసి ఉండొచ్చు కదండీ?"

అవునండి అంటే చాలు. ఉండొచ్చండి అన్నా చాలు. నాన్నగారు ఆ పేజీ వైపు చాలాసేపు చూశారు. గళ్ళు తప్పకుండా, సిరా ఒలక్కుండా, గుండ్రంగా ఉన్న నా అక్షరాల వైపు.

"లేదండి," అన్నారు. "మా అమ్మాయి తేదీ తప్పు రాయదండి."

నేను లేచాను. సగం లేచాను. బోనులోంచి అన్నయ్య చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారే, మెల్లిగా. కళ్ళతో నాన్నగారిని చూపించాడు. ప్లీడరు గారు ఏం చెప్పి ఉంటారో అతనికీ తెలుసు. ఒక్క తేదీ పోతే పుస్తకమంతా పోతుంది.

కూర్చున్నాను.

ఎన్నేళ్ళొచ్చినా ఆ కూర్చోవడం దగ్గరే నా లెక్క ఆగిపోతుంది. అన్నయ్య ఊపింది తల మాత్రమే. నా నోరు నొక్కలేదు.

ఏడాదిన్నర కఠిన శిక్ష వేశారు. పోలీసులు తీసుకుపోతుంటే వరండాలో మా పక్కనుంచే వెళ్ళాడు. నాన్నగారు మొహం తిప్పేసుకున్నారు.

"కాంతం," అన్నాడు అన్నయ్య నడుస్తూనే, "కుంపటి మరీ దగ్గర పెట్టకు. మాడిపోతాయి."

*

కార్తీకంలో టెలిగ్రాం వచ్చింది. జైల్లో విరేచనాలు పట్టుకుని నాలుగు రోజుల్లో పోయాడు.

నాన్నగారు వెళ్ళారు, జరగవలసినవి జరిపించి వచ్చారు. తల గొరిగించుకుని, ఎవరో తెలియనట్టుగా వాకిట్లో నిలబడ్డారు. బామ్మ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని నీళ్ళు తాగించారు. ఆయన మాత్రం ఏడవలేదు. ఎందుకో పదిహేనో రోజున తెలిసింది. కోర్టు నుంచి తిరిగొచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నారు.

"వాడు తీగలు తెంపేడని నాకు బాధ లేదమ్మా," అన్నారు. "దేశం కోసం తెంపేడు. తెంపేను అని ఒప్పుకుని జైలుకెళ్తే ఊరంతా తిరిగి చెప్పుకునేవాణ్ణి. కానీ వీడు ఈ పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధం ఆడేడు. నన్ను బోనెక్కించి ఆడేడు. కిందటి నెల జైల్లో చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా ఒప్పుకోలేదు. 'అక్కడే ఉన్నాను నాన్నగారూ, నమ్మండి' అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మలేదని తెలిసే పోయాడు."

వంటింట్లో బామ్మ ఏడుపు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న సామాను కట్టడం మొదలుపెట్టారు. కలకత్తా పంపవలసిన చెక్కపెట్టెలో పొట్లాలు ఒక్కొక్కటే సర్దుతున్నారు. కొన్నిటిని మాత్రం తీసి పక్కన గంపలో వేస్తున్నారు. గంప నిండుతోంది.

"అవెందుకండీ పక్కన?"

"శరభం తెచ్చినవి. మూడొంతులు వాడివే. అబద్ధం ఆడినవాడు ఏ చెట్టు మీంచి తెచ్చేనన్నాడో, నిజంగా ఎక్కణ్ణుంచి తెచ్చేడో ఎవడు చెప్పగలడు? వాటిని నిజమని చెప్పి పంపలేను."

"మరి ఏం చేస్తారు?"

ఆయన గంప ఎత్తుకుని పెరట్లోకి నడిచారు. నీళ్ళకాగు కింద పొయ్యి మండుతోంది. బామ్మ కొబ్బరి డొక్కలు ఎగదోస్తోంది. నాన్నగారు గంప దింపి, గొంతుక్కూర్చుని, పైనున్న పొట్లం ఒకటి తీశారు. మంట వైపు చెయ్యి చాచారు.

"అన్నయ్య అబద్ధం ఆడలేదండి."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నాన్నగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"పుస్తకం అబద్ధం ఆడింది," అన్నాను.

"ఏవిటమ్మా?"

"పుస్తకం తెస్తాను. పంచాంగం కూడా తెస్తాను. మీరే చూడండి."

రెండూ తెచ్చి ఆయన ముందు తెరిచాను. అమావాస్యలు చూపించాను. పుస్తకం నా చేతికి తిరిగొచ్చాక ఏ అమావాస్య నాడూ ఒక్క పొట్లం లేదు. పున్నమి నాడు లేదు. అష్టమి నాడు లేదు. పాడ్యమి నాడు లేదు. ఆ మర్నాడు మాత్రం రెండేసి, మూడేసి. మొదట నేను తిప్పాను పేజీలు. తరవాత నా చేతిలోంచి ఆయన తీసుకుని తిప్పారు. సైన్సు మాస్టారు. నాలుగో పేజీకే ఆయనకి నా అవసరం లేకపోయింది. పంచాంగం మీద ఒక వేలు, రిజిస్టరు మీద ఒక వేలు. ఆ వేళ్ళు మెల్లమెల్లగా కిందికి దిగి ఆగస్టు దగ్గర ఆగాయి. పన్నెండు అమావాస్య. పదమూడు పాడ్యమి. పద్నాలుగు, మూడువందల పదకొండు.

ఆయన మోకాళ్ళు నేలకి ఆనించి కూర్చుండిపోయారు. గంపని దగ్గరికి లాక్కుని, పొట్లాల మీద అరచెయ్యి పెట్టి, "శరభం," అన్నారు. "ఒరే శరభం." ఆ తరవాత ఆయన నోటినుంచి వచ్చింది మాట కాదు.

బామ్మ పొయ్యి దగ్గర్నుంచి దేక్కుంటూ వచ్చి కొడుకు కాళ్ళు పట్టుకుంది.

"నేనురా నాయనా! నేనే చేయించేను. అనధ్యయనం, ముట్టొద్దన్నది నేనే. దానికేం తెలుసు? చిన్నపిల్ల."

నాన్నగారు తలెత్తి నావైపు తిరిగారు.

"బామ్మ తేదీ మార్చమందా?"

"లేదండి. ముట్టుకోవద్దంది, అంతే."

"మీ అన్నయ్యకి తెలుసా?"

"కోర్టులో తెలిసిందండి. మీరు చదివినప్పుడు. చెప్పొద్దని తల ఊపాడు."

"నువ్వు లేవబోయేవు. చూసేను." ఆయన పుస్తకం మూసేశారు. "పాపం, అన్నయ్యని చూసి తట్టుకోలేకపోతోంది అనుకున్నాను."

లోపలికి వెళ్ళి కలమూ సిరాబుడ్డీ తెచ్చుకున్నారు. పొయ్యి ముందే, నేల మీదే పుస్తకం పరుచుకున్నారు. మూడువందల పదకొండు ఎదురుగా పద్నాలుగు కొట్టేసి పన్నెండు వేశారు. సేకరించినవాడు అన్న గడిలో శరభయ్య పేరుంది. దాన్ని వేలితో ఒకసారి నిమిరారు. పక్కనే, మార్పుకి కారణం రాయడానికి, అంచు ఖాళీగా ఉంది.

"కలకత్తావాళ్ళకి మొత్తం రాయాలి," అన్నారు నావైపు చూడకుండా. "ఎన్ని మారేయో రాయాలి. ఎవరు మార్చేరో రాయాలి. తీసుకుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. చెప్పు."

"నా పేరు రాయరా," అంది బామ్మ.

"చెయ్యి ఎవరిదమ్మా?" అన్నారు ఆయన నన్నే అడుగుతూ.

"మీకు తెలుసుగా నాన్నగారూ."

"నాకు తెలిస్తే చాలదు. నువ్వు చెప్పాలి. గట్టిగా చెప్పు."

ఆ రోజు కోర్టులో ఆయన్ని చదవమన్నట్టే అడిగారు. కలం సిరాలో ముంచి, మొన బుడ్డి అంచుకి తుడిచి, కాగితం మీద ఆనించి ఆగారు.

"లక్ష్మీకాంతం," అన్నాను. "తేదీలు మార్చింది లక్ష్మీకాంతం. కోర్టులో లేచి కూడా కూర్చుండిపోయింది లక్ష్మీకాంతం."